రాసేదీ, ఫోటో తీసేదీ ఒక్కరే అయితే: ఫ్రీలాన్స్ ఫోటో కథనాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

పత్రికలకు సొంతంగా రాస్తూ, ఫోటోలు కూడా తామే తీసి ఇవ్వాలనుకునేవాళ్లు అడిగే సందేహాలు ఎప్పుడు చూసినా దాదాపు ఇవే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట పెడుతున్నాను. వరసగా చదవాల్సిన పనిలేదు, మీకు అవసరమైన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. పెళ్లి ఫోటోలు, యూట్యూబ్ వీడియోల సంగతి ఇందులో లేదు. ఆదివారం అనుబంధాలు, మాసపత్రికలు, వెబ్ పత్రికల కోసం చేసే కథనాల గురించి మాత్రమే.

## మొదలుపెట్టే ముందు

రెండూ ఒకరే చేస్తే రెండూ అరకొరగా వస్తాయంటారు. నిజమేనా?

కొన్ని పనుల్లో నిజమే. బహిరంగ సభ, క్రికెట్ మ్యాచ్, అగ్నిప్రమాదం లాంటి చోట్ల ఒక కన్ను వ్యూఫైండర్‌లో పెట్టి, ఇంకో చేత్తో నోట్స్ రాయడం ఎవరివల్లా కాదు. నిదానంగా జరిగే పనుల్లో మాత్రం ఒక్కరే వెళ్లడం లాభం. కారులోంచి ముగ్గురు దిగితే ఆ ఇల్లు ఇల్లుగా ఉండదు. ప్లాస్టిక్ కుర్చీలు వస్తాయి, టీ వస్తుంది, ఇల్లాలు లోపలికెళ్లి చీర మార్చుకొస్తుంది. బస్సు దిగి నడుచుకుంటూ వచ్చిన ఒక్క మనిషి అరుగు మీద కూర్చుంటే గంటలో ఎవరి పనిలో వాళ్లు పడతారు. జర్నలిస్టు పి.సాయినాథ్ పల్లెల్లో తిరిగి రాసిన కథనాలకు ఫోటోలు ఎక్కువగా తానే తీసుకున్నారు. ఆయన 2014 డిసెంబరులో మొదలుపెట్టిన పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా వెబ్‌సైట్‌లో, అంటే ‘పరి’లో, రాతా ఫోటోలూ ఒకరివే అయిన కథనాలు బోలెడు కనిపిస్తాయి. కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి, చదివి చూడండి.

నాకు ఫోటోలు తీయడం వచ్చు కానీ రాయడం రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

క్యాప్షన్లతో. మీరు ఇప్పటికే తీసిన వాటిలో పది ఫోటోలు ఎంచుకుని, ఒక్కోదాని కింద మూడేసి వాక్యాలు రాయండి. ఫోటో చూస్తే తెలిసే విషయం ఒక్కటి కూడా ఉండకూడదన్నది షరతు. రెండో ఫోటో దగ్గరే మీకు ఆ మనిషి పేరు తప్ప ఏమీ తెలియదని అర్థమవుతుంది. రాయడం రాకపోవడం కాదు, అడగకపోవడమే అసలు లోటు. రాత వచ్చి ఫోటో రానివాళ్లు ఇదే పని తిరగేసి చేయొచ్చు. ఇకనుంచి ఏ కథకు వెళ్లినా కనీసం మూడు ఫోటోలు తీయండి: ఊరు, మనిషి, ఆ మనిషి చేతులు.

నా దగ్గర ఫోన్ మాత్రమే ఉంది. అచ్చులో వేసుకుంటారా?

వేసుకుంటారు. అచ్చుకు సాధారణంగా 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు అడుగుతారు. 12 మెగాపిక్సెల్ ఫోటో సుమారు 4000 × 3000 పిక్సెళ్లు. అంటే 13 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తులో హాయిగా అచ్చవుతుంది. చిక్కు పిక్సెళ్లతో కాదు, వెలుతురుతో. ఒక్క కిటికీ ఉన్న నేతగాడి ఇంట్లో ఫోన్ తనంతట తానే నునుపు చేసేసి, పడుగు దారాలను ముద్దగా మారుస్తుంది. డిజిటల్ జూమ్ అసలు వాడకండి, రెండడుగులు ముందుకేయండి. పత్రికవాళ్లు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టాక సెకండ్ హ్యాండ్ కెమెరా ఒకటి, దానికి 35 లేదా 50 ఎంఎం లెన్స్ ఒకటి కొనుక్కుంటే చాలు. అప్పటిదాకా ఆ డబ్బు బస్సు చార్జీలకు ఉంచండి. కొత్త లెన్స్ కొని ఇంట్లో పూలకుండీలు తీస్తున్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు.

జర్నలిజం డిగ్రీ, ప్రెస్ కార్డు లేకుండా చేయొచ్చా?

చేయొచ్చు. సమాచార పౌరసంబంధాల శాఖ ఇచ్చే అక్రిడిటేషన్, అంటే విలేకరిగా అధికారిక గుర్తింపు, ప్రభుత్వ కార్యక్రమాలకు వెళ్లేవాళ్లకు పనికొస్తుంది. చేపల రేవులో మిమ్మల్ని ఎవరూ కార్డు అడగరు. అడిగే చోట ‘ఈ కథనం మా కోసం చేస్తున్నారు’ అని ఎడిటర్ పంపిన మెయిల్ ప్రింట్ తీసుకెళ్లండి, చాలు. డబ్బు తీసుకుని ప్రెస్ కార్డులు ఇచ్చేవాళ్ల జోలికి పోవద్దు.

## ఐడియా, పిచ్

ఏ విషయం ఫోటో కథనం అవుతుంది? ఏది కాదు?

‘పోచంపల్లి చీరలు’ అన్నది విషయమే, ఇంకా కథ కాలేదు. రంగు దారాలు ఆరేసిన ఫోటో ప్రతి ఎడిటర్ దగ్గరా పదిసార్లు వచ్చి ఉంటుంది. అదే నేతలో ఆసు పోయడం అనే పని ఉంది. మేకులు కొట్టిన చట్రం మీద దారాన్ని అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు కొన్ని వేలసార్లు చేయి ఆడించాలి. ఎక్కువగా ఆడవాళ్ల పని అది, భుజాలు పట్టేస్తాయి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి పడే ఆ బాధ చూసి ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. ఆ యంత్రం వచ్చిన ఇంట్లో ఆ చేతులు ఇప్పుడేం చేస్తున్నాయి? యంత్రం కొనలేని పక్కింట్లో సంగతేమిటి? కథ ఇక్కడ మొదలవుతుంది. రెండిళ్లు, రెండు జతల చేతులు, ఒకే వీధి. కెమెరాకు వెంటపడటానికి ఏదో దొరికింది, కలానికి అడగడానికి ఏదో దొరికింది.

నేను చూసుకునేది రెండు సంగతులే. కళ్ల ముందు ఏదైనా జరుగుతోందా? కంటికి కనబడనిది ఏదైనా దాని వెనక ఉందా? మొదటిది లేకపోతే అది వ్యాసం. రెండోది లేకపోతే అది ఆల్బమ్. కాగితాలు, కోర్టు ఫైళ్ల చుట్టూ తిరిగే కుంభకోణాన్ని బలవంతంగా ఫోటో కథనం చేయబోతే, ఆఫీసు బోర్డు ముందు నిలబడ్డ మనుషుల ఫోటోలే మిగులుతాయి.

పిచ్‌లో ఏం రాయాలి? ఎంత పొడవుండాలి?

పిచ్ అంటే మీ కథ ఐడియాను ఎడిటర్‌కు చెబుతూ రాసే మెయిల్. అది ఎడిటర్ ఫోన్‌లో ఒక్క స్క్రీన్ దాటకూడదు. ‘ఏటికొప్పాక లక్కబొమ్మల కళ అంతరించిపోతోంది, దానిపై ఒక ఫోటో కథనం చేయాలనుకుంటున్నాను’ అని రాస్తే ఎవరూ రెండో వాక్యానికి వెళ్లరు. అంతరించిపోతున్న కళల పిచ్‌లు వాళ్లకు రోజూ వస్తాయి. ఇలా రాసి చూడండి:

‘అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో లక్కబొమ్మలు అంకుడు కర్రతోనే చేస్తారు. ఆ కర్ర దొరకడం ఏటికేడు కష్టమవుతోంది. కర్ర తెచ్చే మనిషి, చిత్రిక పట్టే మనిషి, రంగు అద్దే మనిషి: ఈ ముగ్గురి ఒక్కరోజును వెంట ఉండి చెబుతాను. కర్ర కొట్టే చోటు, లేత్ మీద లక్క కరిగే క్షణం, అమ్ముడుపోక మిగిలిన బొమ్మల అలమారా ఫోటోల్లో ఉంటాయి. 1200 పదాలు, 15 ఫోటోలు, మూడు వారాల్లో ఇస్తాను.’

కింద మీ గురించి రెండు వాక్యాలు రాసి, మూడు నాలుగు ఫోటోలు చిన్న సైజులో జత చేయండి. నలభై ఫోటోల లింకు పంపితే తెరవరు. కుదిరితే పిచ్‌కు ముందే ఒకసారి వెళ్లి రండి. వెళ్లొచ్చినవాడి పిచ్ రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది.

తెలుగు పత్రికలకు రాయాలా, ఇంగ్లిష్‌లో ప్రయత్నించాలా?

డబ్బు గురించే అయితే ఇంగ్లిష్‌లో కాస్త మెరుగు. తెలుగు అనుబంధాల్లో చాలా పేజీలు సొంత స్టాఫ్‌తోనే నిండిపోతాయి, బయటివాళ్లకు చోటు తక్కువ, పారితోషికమూ తక్కువే. కానీ మీరు ఎవరి గురించి రాశారో వాళ్లు చదువుకోగలిగేది తెలుగులోనే. నా మాట అడిగితే రెండూ చేయండి, ఒకటి రెండోదానికి అనువాదం కాకుండా చూసుకోండి. పడుగు పేకలు, మజూరీ అంటే ఏమిటో తెలుగు పాఠకుడికి విడమరచి చెప్పక్కర్లేదు. ఢిల్లీ పాఠకుడికి చెప్పాలి. అక్కడే కథ నడక మారిపోతుంది. ఇంకో చిన్న సంగతి: తెలుగు రాతను యూనికోడ్‌లో పంపాలా, పేజీలు కట్టడానికి వాడే ‘అను’ ఫాంట్లలో పంపాలా అని ముందే అడగండి. మార్పిడిలో వత్తులు ఎగిరిపోయి, మీ కథానాయిక పేరు ఇంకేదో అయి అచ్చవుతుంది.

ఎడిటర్ జవాబివ్వట్లేదు. ఐడియా కొట్టేస్తారేమో అని టెన్షన్.

పది రోజులు చూసి ఒక్కసారి గుర్తుచేయండి. ఆ తర్వాత వేరే చోటికి పంపేయండి. ఐడియాకు కాపీరైట్ ఉండదు, కాబట్టి పిచ్‌లో కథ చెప్పండి కానీ అందరి పేర్లూ ఫోన్ నంబర్లూ ఇవ్వకండి. మీ బలం ఐడియా కాదు, ఆ ఇంటివాళ్లు మిమ్మల్ని లోపలికి రానివ్వడం.

పండగల కథలు ఎప్పుడు పంపాలి?

పండగకు నెలా నెలన్నర ముందు. ఫోటోలేమో పండగ రోజే దొరుకుతాయి. అంటే ఈ ఏటి తంగేడు, గునుగు పూల ఫోటోలు వచ్చే బతుకమ్మకు. మేడారం జాతర రెండేళ్లకోసారి కాబట్టి ఇప్పుడు తీసినవి అప్పటిదాకా దాచుకోవాల్సిందే.

## ఫీల్డ్‌లో

ముందు మాట్లాడాలా, ముందు ఫోటోలు తీయాలా?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. రెండూ ఒకేసారి చేయబోతే రెండూ పోతాయి. ఎదుటి మనిషి తన అప్పు గురించి చెబుతున్నప్పుడు మీరు ఫోకస్ సరిచేసుకుంటూ కూర్చుంటే, ఆమె మాట్లాడటం ఆపేస్తుంది. ఆపకపోయినా మీకు చెప్పాల్సినదాన్ని కెమెరాకు చెప్పడం మొదలుపెడుతుంది.

వెలుతురు ఈ తగువు తీరుస్తుంది. పొద్దున ఎనిమిదిన్నర లోపు, సాయంత్రం నాలుగు తర్వాత వెలుతురు బాగుంటుంది, మనుషులు కూడా పనిలో ఉంటారు. అవి ఫోటోల వేళలు. మధ్యాహ్నం ఎండ ఫోటోకు పనికిరాదు, మాటలకు బ్రహ్మాండంగా పనికొస్తుంది. అన్నాలయ్యాక మంచం మీద కూర్చుని చెప్పే కబుర్లే కథనానికి వెన్నెముక. ఆ వేళలో కెమెరా సంచిలో ఉండాలి. దాచినట్టు కాదు, ‘ఇప్పుడు తీయను పెద్దమ్మా, ఊరికే మాట్లాడుకుందాం’ అని చెప్పి మరీ పెట్టేయాలి.

ఇంటినుంచి బయల్దేరేటప్పుడే కెమెరా గడియారాన్ని ఫోన్ గడియారంతో కలపండి. అప్పుడు రికార్డింగ్, నోట్స్, ఫోటో మూడూ ఒకే టైమ్ ప్రకారం వరసలోకి వస్తాయి. ఎవరి పోర్ట్రెయిట్ తీసినా వెంటనే వాళ్ల పేరు నోట్‌బుక్‌లో రాసి ఆ పేజీనీ ఒక ఫోటో తీయండి. నెల తర్వాత పచ్చ తలపాగా ఆయన పేరేమిటని తల గోక్కునే పని తప్పుతుంది.

తప్పనిసరిగా ఉండాల్సిన ఫోటోలు ఏవి?

ఊరి వాతావరణం, మనిషి ముఖం, పని, దగ్గరనుంచి చేతులు, ఇద్దరు మనుషుల మధ్య ఏదో జరిగే క్షణం. ఈ ఐదూ ఉంటే పేజీ కట్టేవాళ్లకు ఇబ్బంది ఉండదు. మొదటి పేజీ కోసం ఒక అడ్డం ఫోటోలో పైనో పక్కనో ఖాళీ వదలండి, హెడ్డింగ్ పడాలి కదా. ముఖచిత్రం ఆశ ఉంటే ఒక నిలువుది.

ఇవి అందరూ తీసేవే. ఆ పైన మీది అనదగ్గది ఒకటి వెతకాలి. గుంట మగ్గం దగ్గర అందరూ నేసే చేతుల్ని, పేక దారాన్ని మోసే నాడె ఉరుకుడును తీస్తారు. కాళ్లెవరూ తీయరు, అవి గుంటలో చీకట్లో ఉంటాయి కాబట్టి. అడిగి ఫోన్‌ను గుంటలోకి దించి చూడండి. తొక్కుడు కర్రల మీద అరిగిన పాదాలు, పక్కన విరిగిన దువ్వెన, కింద పడ్డ దారపు ముక్కలు, ఒక మూలన బీడీ కట్ట. పైనున్న చీర ఎంత మెరుస్తోందో అప్పుడు అర్థమవుతుంది.

కెమెరా తీయగానే అందరూ అటెన్షన్‌లో నిలబడిపోతున్నారు. ఏం చేయాలి?

తీయండి. అది వాళ్లకు కావలసిన ఫోటో. ఇంటిల్లిపాదినీ నిలబెట్టి శ్రద్ధగా తీసి, స్క్రీన్ మీద చూపించండి. ప్రింట్ పంపిస్తానంటే నిజంగా పంపండి. ఆ మోజు తీరాక, మీరు వెళ్లకుండా అక్కడే ఉంటే, విసుగొచ్చి ఎవరి పని వాళ్లు చూసుకుంటారు. మీ ఫోటోలు అప్పుడు మొదలవుతాయి.

అనుమతి ఎలా అడగాలి? సంతకం పెట్టించుకోవాలా?

పత్రికా కథనానికి మన దగ్గర సాధారణంగా సంతకం అడగరు. ప్రకటనల్లో వాడాలంటే మాత్రం రాతపూర్వక అనుమతి కావాలి. ‘ఫోటో తీసుకోనా అక్కా’ అంటే సరిపోదు. ఏ పత్రికలో వస్తుంది, ఫోన్లలో కూడా కనబడుతుంది, మీ ఊళ్లోవాళ్లు, చుట్టాలు చూడొచ్చు అని చెప్పి అడగాలి. ఆ ‘సరే’ రికార్డర్‌లో ఉంటే మంచిది. ఆడవాళ్ల ఫోటోకు ఆమె ఒప్పుకోవాలి. పక్కనున్న మగవాళ్లు తలూపితే అనుమతి వచ్చినట్టు కాదు.

పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి. లైంగిక నేరాల బాధితుల గుర్తింపు బయటపెట్టడం నేరం. పిల్లలైతే పోక్సో చట్టం సెక్షన్ 23, పెద్దలైతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 వర్తిస్తాయి. కేసుల్లో ఇరుక్కున్న పిల్లలకు, సంరక్షణలో ఉన్న పిల్లలకు జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ఉంది. ముఖం నీడలో పెట్టాం కదా అని ధీమా వద్దు. చీర అంచు, గోడ మీది రంగు, వెనకున్న వాటర్ ట్యాంకు చూసి ఊళ్లోవాళ్లు ఇట్టే పోల్చేస్తారు. అలాంటి కథల్లో మనిషినే ఫ్రేమ్‌లోంచి తప్పించడం నయం.

మాట్లాడినందుకు డబ్బు అడిగితే ఇవ్వొచ్చా?

మాటలకు, ఫోటోలకు డబ్బు ఇవ్వను. డబ్బు చేతులు మారితే మీరు వినాలనుకున్నదే వాళ్లు చెబుతారు. అయితే మీవల్ల ఒక మనిషి పూట కూలి పోయిందంటే అది మీ పొరపాటే. ఆమె పనికి అడ్డం రాకుండా ఆమె వెంట తిరగండి. వాళ్లు అమ్మే వస్తువుంటే బేరం ఆడకుండా ఒకటి కొనండి. వెళ్లేటప్పుడు పళ్లు తీసుకెళ్లడం లంచం కిందికి రాదు లెండి.

కెమెరా ఎక్కడ తీయకూడదు? డ్రోన్ సంగతేమిటి?

తిరుమల ఆలయంలోకి ఫోన్లు, కెమెరాలు తీసుకెళ్లనివ్వరు. చాలా గుళ్లలో గర్భాలయం తీయకూడదు. విశాఖలో నౌకాదళ ప్రాంతాలు, విమానాశ్రయాలు, రక్షణ సంస్థల దగ్గర కెమెరా బయటకు తీయకండి. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే ముందే అనుమతి కావాలి. డ్రోన్లకు 2021 నాటి నిబంధనలు వర్తిస్తాయి. 250 గ్రాముల లోపు వాటికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అంతకు మించిన డ్రోన్‌తో డబ్బు తీసుకుని పనిచేయాలంటే కావాలి. ఎగరేసే ముందు ప్రభుత్వ వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోండి. ఏజెన్సీ గూడేల్లో ముందు పెద్దలతో మాట్లాడకుండా కెమెరా తీయకపోవడం చట్టం కాదు, మర్యాద.

## టేబుల్ దగ్గర

ఫోటోలో ఉన్నదే నా రాతలోనూ వస్తోంది. ఎలా తప్పించుకోవాలి?

ఫోటోల ఎంపిక ముగిశాకే రాత మొదలుపెట్టండి. ఎంచుకున్న పదిహేనూ తెర మీద పక్కపక్కన పెట్టుకుని, ఫోటో ఇప్పటికే చెప్పేసిన ప్రతి వాక్యాన్నీ కొట్టేయండి. ‘ముడతలు పడ్డ చేతులతో, మగ్గం మీదకు వంగి, తదేకంగా నేస్తోంది’ అన్న వాక్యం ఎంత బాగున్నా అనవసరం, పక్కనే ఆమె కనబడుతోంది. ఫోటోకు చేతకానివి కొన్ని ఉన్నాయి: వాసన, చప్పుడు, ధర, నిన్న, రేపు. ఆ రంగునీళ్ల ఘాటు, చీరకు చేతికొచ్చే మజూరీ ఎంత, షోరూమ్‌లో దాని ధర ఎంత, కొడుకు మగ్గం వదిలి హైదరాబాద్‌లో ఏ పనికి వెళ్లాడు, ఆ సంగతి ఎత్తితే ఆమె ఎందుకు మాట మార్చింది. రాత అక్కడ నడవాలి.

అటువైపు నుంచీ ఇదే కత్తిరింపు. మీ వాక్యం బలంగా చెప్పిన విషయాన్ని ఒక నీరసమైన ఫోటో మళ్లీ చెబుతుంటే, ఆ ఫోటో తీసేయండి. ఎండలో రెండు గంటలు నిలబడి తీశారని పాఠకుడికి తెలియదు, తెలియనక్కర్లేదు కూడా.

క్యాప్షన్ ఎలా రాయాలి?

‘మగ్గంపై నేస్తున్న చేనేత కార్మికురాలు’ అన్నది క్యాప్షన్ కాదు. రెండు వాక్యాలు రాయండి. మొదటిది ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారు, ఎప్పుడు. రెండోది ఫ్రేమ్‌లో కనబడనిది. ‘పెద్ద కూతురి పెళ్లి చీరను తనే నేస్తోంది. మిగతా చీరల్లా దీన్ని షావుకారికి అప్పగించక్కర్లేదు’ అని ఉంటే పాఠకుడు మళ్లీ తలెత్తి ఫోటో వైపు చూస్తాడు. చాలామంది కథనం చదవరు, ఫోటోలూ క్యాప్షన్లూ చూసి పేజీ తిప్పేస్తారు. వాళ్లకు కూడా కథ అందాలి.

పేరు, ఇంటిపేరు వాళ్లనే రాయమనండి, రాయడం రాకపోతే రేషన్ కార్డు చూపించమని అడగండి. క్యాప్షన్‌ను విడిగా వర్డ్ ఫైల్లోనే కాక ఫోటో ఫైల్ లోపల వివరాలు రాసుకోవడానికి ఉండే ఐపీటీసీ గడుల్లో కూడా నింపండి. ఫోటో ఎక్కడికెళ్లినా పేరు, ఊరు, తేదీ, మీ క్రెడిట్ వెంట వెళ్తాయి.

ఎన్ని ఫోటోలు పంపాలి? ఎలా?

పన్నెండు నుంచి ఇరవై. అంతకు మించితే మీరు ఎంచుకోలేదని అర్థం. మీరు అనుకున్న వరసలో ఫైళ్లకు నంబర్లు వేసి డ్రైవ్ లింకు పంపండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, లోపల నింపిన వివరాలూ పోతాయి.

ఫోటోల్లో మార్పులు ఎంతవరకు చేయొచ్చు? ఏఐ వాడొచ్చా?

వెలుతురు, రంగు, కాస్త క్రాప్ వరకు ఓకే. ఫ్రేమ్‌లో ఉన్న కరెంటు తీగనో ప్లాస్టిక్ బకెట్‌నో తీసేయడం, లేనిది చేర్చడం పత్రికా ఫోటోలో కుదరదు. ఏఐతో చేసినా చేత్తో చేసినా అంతే. బకెట్ వద్దనుకుంటే తీసేటప్పుడే రెండడుగులు పక్కకు జరగాలి. ఇంటర్వ్యూను అక్షరాల్లోకి మార్చడానికి ఏఐ సాయపడుతుంది కానీ శ్రీకాకుళం యాస, పాలమూరు యాస దానికి సరిగ్గా అందవు. ఉటంకింపు ఏదైనా రికార్డింగ్ మళ్లీ వినాకే వాడండి.

## డబ్బు, హక్కులు

ఎంత అడగాలి?

రాతకు ఇంత, ఫోటోలకు ఇంత, ప్రయాణానికి ఇంత అని మూడు ముక్కలుగా అడగండి. ‘ప్యాకేజీ’ అన్న మాట వినిపిస్తే జాగ్రత్తపడండి, అందులో సాధారణంగా ఫోటోలు ఉచితం. ఒక లెక్క వేసి చూద్దాం. కథనానికి 5,000 ఇస్తామన్నారు. రెండు రోజుల ఫీల్డ్‌కు బస్సు 900, లాడ్జి 1,200, తిండి, ఆటోలు 1,000. చేతినుంచి 3,100 పోయాయి. మిగిలింది 1,900. ఫీల్డ్ రెండు రోజులు, ఇంటి దగ్గర రాతకూ ఎంపికకూ మూడు రోజులు. రోజుకు 380 పడింది. మొదటి ఒకటి రెండు కథనాలకు పేరు కోసం ఒప్పుకోవచ్చు. ఆ తర్వాత ప్రయాణ ఖర్చులు విడిగా ఇవ్వనిదే బస్సెక్కకండి. ఇవ్వలేమంటే, ఒకే ప్రయాణంలో రెండు పత్రికలకు రెండు వేర్వేరు కథలు వచ్చేలా చూసుకోండి.

అమ్మిన తర్వాత కథనం, ఫోటోల హక్కులు ఎవరివి?

రెండూ చేసేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన మెలిక ఇది. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, ఉద్యోగి కాని ఫ్రీలాన్సర్ రాసిన రాతకు తొలి హక్కుదారు ఆయనే. ఫోటో అలా కాదు. ఎవరైనా డబ్బిచ్చి, తమ కోసం తీయమంటే, వేరే ఒప్పందం లేనప్పుడు ఆ ఫోటో తొలి హక్కుదారు డబ్బిచ్చినవారు. అంటే ఒకే అసైన్‌మెంట్‌లో రాత మీది, ఫోటోలు వాళ్లవి అయ్యే అవకాశం ఉంది. మీరు సొంతంగా ముందే తీసి తర్వాత అమ్మినవి మీవే. కాబట్టి పని మొదలుకాకముందే మెయిల్‌లో ఒక్క వాక్యం రాసి ఒప్పించుకోండి: ‘ఫోటోలు, రచన కాపీరైట్ రచయితదే. పత్రికకు ఒకసారి అచ్చులోనూ వెబ్‌సైట్‌లోనూ ప్రచురించుకునే హక్కు.’

హక్కులు పూర్తిగా రాసివ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతోనే జరగాలి. ఆ పత్రంలో కాలం రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం చెబుతుంది. హక్కులు అమ్ముకున్నా మీ పేరు వేయమని అడిగే హక్కు సెక్షన్ 57 కింద మీకే ఉంటుంది.

టీడీఎస్ కట్ అయింది. జీఎస్టీ కూడా కట్టాలా?

ఒక సంస్థనుంచి ఏడాదిలో మీకు వచ్చే వృత్తి ఫీజు 50,000 దాటితే 10 శాతం టీడీఎస్ కోస్తారు. 2025 ఏప్రిల్‌కు ముందు ఈ పరిమితి 30,000. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. కోసింది పోయినట్టు కాదు, రిటర్న్ వేస్తే మీ పన్ను లెక్కలో సర్దుబాటు అవుతుంది, ఎక్కువైతే వెనక్కొస్తుంది. జీఎస్టీ మామూలుగా సేవలపై ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే. అంతదాకా వస్తే మంచి ఆడిటర్‌ని పెట్టుకునే స్తోమత కూడా వస్తుంది.

కథనం వచ్చి నెలలైంది, డబ్బు రాలేదు. ఏం చేయాలి?

ఎడిటర్‌ను విసిగించకండి, చాలాసార్లు ఆయన చేతిలో ఏమీ ఉండదు. అకౌంట్స్ విభాగంలో ఎవరు చూస్తారో కనుక్కుని ఇన్‌వాయిస్ నంబరు, ప్రచురణ తేదీ, పేజీ క్లిప్పింగ్‌తో మెయిల్ పెట్టండి. ఇన్‌వాయిస్ పంపనివాళ్లే డబ్బు రాలేదని ఎక్కువగా వాపోతుంటారు. ప్రచురించడం మానేస్తే ఎంత ఇస్తారో కూడా మొదట్లోనే అడగాలి.

ఇంకో దారి ఉంది, చాలామందికి తెలియదు. చిన్న సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. అప్పుడు 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం ఎంత గడువు రాసుకున్నా 45 రోజుల్లోపు చెల్లించాలి. ఆలస్యమైతే వడ్డీ అడగొచ్చు, ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. నమోదు మాత్రం పనికి ముందే అయి ఉండాలి.

నా ఫోటోను ఎవరో అడక్కుండా వాడుకున్నారు.

ముందు స్క్రీన్‌షాట్, లింకు, తేదీ భద్రం చేయండి. తర్వాత ‘తీసేయండి’ అని కాకుండా ‘వాడుకున్నందుకు ఇదీ ఫీజు’ అని ఇన్‌వాయిస్ పంపండి. అసలు రా ఫైల్, అంటే కెమెరా దాచిన మార్పుల్లేని ఫైల్, మీ దగ్గర ఉంటే వాదన అక్కడే ముగుస్తుంది. రా ఫైళ్లు ఎవరికీ ఇవ్వకపోవడానికి ఇదొక కారణం.

## అచ్చయ్యాక

కథనంలో ఉన్నవాళ్లకు చూపించాలా? వాళ్లకు నచ్చకపోతే?

చూపించాలి. పత్రిక కాపీ, రెండు మూడు ప్రింట్లు పోస్టులో పంపండి. చదవడం రానివాళ్లకు ఫోన్ చేసి చదివి వినిపించండి. ఇంగ్లిష్‌లో వచ్చి ఉంటే తెలుగులో చెప్పండి. పేరు, వయసు, లెక్క తప్పుంటే పత్రికకు రాసి సవరణ వేయించాలి. ‘నా అప్పు సంగతి ఎందుకు రాశావు’ అంటే మాత్రం జవాబు కష్టం. అందుకే అచ్చుకు ముందే ఫోన్ చేసి, ఇబ్బంది పెట్టే వివరాలు ఒక్కొక్కటే చెప్పి మరోసారి అడగడం మేలు. మొత్తం కథనం ముందుగా పంపాల్సిన పనిలేదు, చాలా పత్రికలు ఒప్పుకోవు కూడా.

పాత ఫోటోలు, నోట్స్ దాచడం అవసరమా?

మూడు కాపీలు ఉండాలి: రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో, మూడోది క్లౌడ్‌లోనో ఇంకొకరి ఇంట్లోనో. ఫోల్డర్ పేరులో సంవత్సరం, ఊరు, విషయం ఉంటే చాలు. రికార్డింగులు, నోట్‌బుక్ పేజీల ఫోటోలు కూడా అదే ఫోల్డర్‌లో వేయండి. ఐదేళ్ల తర్వాత అదే ఊరు వెళ్లి, అదే అరుగు మీద కూర్చున్నప్పుడు అసలైన ఫోటో కథనం దొరుకుతుంది. అప్పటి ఫోటో ఒకటి, ఇప్పటిది ఒకటి పక్కపక్కన పెట్టి పిచ్ పంపితే ఎడిటర్లు త్వరగా జవాబిస్తారు.